కంది వేర్లు, అమ్మ గునుగు పూలు

ఆగస్టులో ఒక శనివారం ఊరికి పోయేసరికి ఇంట్లో నాయిన లేడు. యూరియా లైన్లో ఆయన చెప్పులున్నాయి, పాస్‌బుక్ జిరాక్స్ మీద ఒక రాయి ఉంది, ఆయన మాత్రం పక్కన వేపచెట్టు కింద కూర్చుని బీడీ తాగుతున్నాడు. పొద్దున నాలుగింటికి పోతే పన్నెండింటికి రెండు బస్తాలు చేతికొచ్చాయి.

మాది కల్వకుర్తి దగ్గర ఊరు. మూడెకరాల ఎర్ర చెలక. ఆరు సాళ్ల పత్తికి ఒక సాలు కంది, గట్టు పొంటి ఇంకొన్ని కందులు. నేను బడిలో సైన్సు చెప్తాను. నత్రజని వలయం బొమ్మ బోర్డు మీద ఎన్నిసార్లు గీశానో లెక్కలేదు. కానీ కంది వేరును మాత్రం ఆ రోజే సరిగ్గా చూశాను.

పిల్లలకు చూపిద్దామని పత్తి మధ్య సాలులోంచి ఒక కంది చెట్టు పీకాను. వేర్లకు బుడిపెలు నాలుగో అయిదో ఉన్నాయి, గోటితో చిదిమితే లోపల తెల్లగా, పాలిపోయి. గట్టు మీది చెట్టును తవ్వి తీస్తే గుత్తులు గుత్తులుగా ఉన్నాయి. చిదిమితే గులాబీ రంగు. మన నెత్తుట్లో ఉండే హిమోగ్లోబిన్‌కు చుట్టమైన పదార్థం ఆ రంగుకు కారణం. బుడిపెల్లో ఉండి గాలిలోని నత్రజనిని చెట్టుకు అందించే రైజోబియం బాక్టీరియా పని చేస్తోందనడానికి అదే గుర్తు.

నాయిన వంగి చూశాడు. "వేరుకు పురుగు పట్టింది బిడ్డా, అవతల పారేయ్."

నులిపురుగు గడ్డలైతే వేరు తానే ఉబ్బి ఉంటుంది, గోకినా రాదు. బుడిపెలు వేలితో రాస్తే ఊడొస్తాయి. అదే చేసి చూపించాను.

సాలు కందికి బుడిపెలు ఎందుకు తక్కువంటే, పత్తికి చల్లిన యూరియా పక్కకూ పోతుంది. వేరు దగ్గరే నైట్రేటు ఊరికే దొరుకుతుంటే చెట్టు తన చక్కెర ఖర్చుపెట్టి బాక్టీరియాను ఎందుకు సాకుతుంది? 45 కిలోల బస్తాలో నత్రజని 20 కిలోల పైచిలుకు. తడి నేల మీద చల్లి మన్ను కప్పకపోతే కొంత అమ్మోనియాగా గాలిలో కలుస్తుంది. నైట్రేటుగా మారింది ఎర్రమట్టిలో నిలవదు, గట్టి వాన పడితే బోరు దాకా దిగుతుంది, చెరువు దాకా పారుతుంది.

"గాలిలకెల్లి తీసి ఇచ్చేటివి ఉంటే మరి నేను చెప్పులెందుకు పెట్టుడు?" అన్నాడు నాయిన. న్యాయమైన ప్రశ్నే. కంది కూడబెట్టింది ముందు కందికే. ఆకు రాలి, వేరు మురిగితే వచ్చే ఏటి పంటకు కొంత. ఈ ఏడు పసుపుబారిన పత్తికి అది పనికిరాదు. యూరియా మానెయ్యమని నేను అనలేదు, అనే ధైర్యమూ లేదు. మన్ను కప్పమన్నాను, కంది సాలు దగ్గర చెయ్యి ఆపమన్నాను.

తాత ఉన్నప్పుడు కోతలయ్యాక చేన్లో గొర్ల మంద ఆపేవాళ్లు. మందవాళ్లకు రాత్రికి ఇన్ని గింజలని లెక్క. గొర్రె మూత్రంలో ఉండేదీ యూరియానే, కాకపోతే వెంట పెంటికలూ వచ్చేవి, మన్నుకు తిండి దొరికేది. ఇప్పుడు పత్తి కట్టె జనవరి దాకా చేన్లోనే నిలబడి ఉంటుంది. మంద ఎక్కడ ఆపాలి?

ఇంతకీ గట్టు ఎట్లా మిగిలిందంటే, అమ్మ వల్ల. అక్కడ గడ్డిమందు కొట్టనియ్యదు, యూరియా పడనియ్యదు. నత్రజని కోసం కాదు, గునుగు కోసం. మందు కొట్టిన చేన్లలో గునుగు లేదు, బతుకమ్మకు ముందు కట్టలు కొని తెచ్చుకునేటోళ్లు మా ఊర్లోనే ఉన్నారు. మా చేన్లో సీతాకోకలు కనబడ్డది ఆ మూరెడు వెడల్పులోనే. తొలివానకు ఎర్ర మఖమల్ ముక్కల్లాంటి ఆరుద్ర పురుగులూ ఈసారి అక్కడే నాలుగు తిరిగాయట.

వేర్లు కవర్లో పెట్టుకుంటుంటే అమ్మ వచ్చింది. తొక్కిన గునుగు మొక్కల్ని లేపి నిలబెట్టి, నా చేతిలో కంది చెట్లు లెక్కపెట్టింది.

"రెండు పీకినవ్. సంక్రాంతికి పప్పు మీ బడోళ్లు పంపుతరా?"