పచ్చడి సీసాల్లో ఆటోనగర్ మట్టి

పొద్దున ఆరున్నరకు గుంటూరులో బస్సెక్కేటప్పుడు నా సంచిలో కడిగి ఆరబెట్టిన పచ్చడి సీసాలు ఆరు, కొత్త ప్లాస్టిక్ కవర్లు కొన్ని, ఒక తాపీ ఉన్నాయి. విజయవాడ ఆటోనగర్‌లో మా బావగారి షెడ్డు అమ్మకానికి వచ్చింది. కొనేవారు అక్కడ అపార్ట్‌మెంటు కట్టాలనుకుంటున్నారని, కళాశాలలో ముప్పై ఏళ్లు రసాయన శాస్త్రం చెప్పినవాణ్ణి గనుక బేరం ముగిసేలోగా ఒకసారి మట్టి చూసిపొమ్మని ఆయన కబురు పెట్టారు.

మంగళగిరి, వారధి దాటి నెహ్రూ బస్టాండులో దిగి, సిటీ బస్సులో బెంజి సర్కిల్ మీదుగా ఆటోనగర్ చేరేసరికి ఎనిమిది దాటింది. 1966లో ఏర్పడిన ఈ పేటలో ఒకప్పుడు సుత్తి దెబ్బల మధ్య మాట వినపడేది కాదు. లారీలు కంపెనీ నుంచే క్యాబిన్‌తో దిగుతూ ఉండటంతో బాడీ బిల్డింగ్ పని సన్నగిల్లింది. బావగారి వీధిలో ఇప్పుడు నాలుగు షెడ్లకు తాళాలే ఉన్నాయి.

షెడ్డు మధ్యలో నేల తారురోడ్డులా నల్లగా, గట్టిగా ఉంది. గునపంతో నాలుగు అంగుళాలు పెకలిస్తే పెచ్చులుగా లేచింది. దాని కింద నల్లరేగడి బూడిద రంగుకు తిరిగి, పాత ఇంజన్ ఆయిల్ వాసన గుప్పుమంది. ఒక గడ్డను బకెట్ నీళ్లలో వేయగానే పైన ఇంద్రధనుస్సు రంగుల పొర పరుచుకుంది. “లారీల్లోంచి దించిన ఆయిలంతా ఈ నేల మీదే పోసేవాళ్లమోయ్, దుమ్ము లేవదని సంతోషించేవాళ్లం,” అన్నారు బావగారు.

నిజానికి నన్ను కలవరపెట్టింది ఆ నూనె కాదు. నూనెను తినే సూక్ష్మజీవులు మట్టిలోనే ఉంటాయి. తవ్విన మట్టిని గట్లుగా పోసి, తడి ఆరనీయకుండా, నత్రజని, భాస్వరం కోసం కాస్త యూరియా, సూపర్ ఫాస్ఫేట్ కలిపి, గాలి తగిలేలా తిరగేస్తూ ఉంటే నెలల మీద తగ్గుతుంది. టెరి అనే పరిశోధన సంస్థ రూపొందించిన ‘ఆయిల్‌జాపర్’ అనే సూక్ష్మజీవుల మిశ్రమాన్ని మన చమురు శుద్ధి కర్మాగారాల్లో ఇందుకే వాడారు. ఇంజన్ ఆయిల్ చిక్కనిది, రేగడిలోకి గాలి చొరబడదు కాబట్టి ఇక్కడ ఓపిక మరింత కావాలి, అంతే.

అసలు చిక్కు ఈశాన్య మూలలో ఉంది. పదేళ్ల పాటు పాత బ్యాటరీలు విప్పే ఒకాయనకు ఆ మూల అద్దెకిచ్చారట. తాపీతో గీకితే ప్లేట్ల ముక్కలు, బూడిద రంగు పొడి తేలాయి. బ్యాటరీ ప్లేట్లలో ఉండేది సీసం, అంటే లెడ్ అనే లోహం. దాన్ని ఏ సూక్ష్మజీవీ తినదు. అది మూలకం, విరిగి మరొకటిగా మారదు. బంకమట్టిని పట్టుకుని ఎక్కువగా పై పొరలోనే ఉండిపోతుంది, సరిగ్గా పిల్లలు ఆడుకునే చోట. ఆ మట్టిని తవ్వి, పరీక్షలో ప్రమాదకరమని తేలితే విశాఖ దగ్గర పరవాడలో ఉన్నటువంటి ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపాలి. ఖర్చు మాట వినగానే బావగారి ముఖం మారిపోయింది.

మధ్యాహ్నం వచ్చిన బ్రోకరు మాత్రం, రెండడుగుల గ్రావెల్ తోలి రోలర్ తిప్పితే సరిపోతుందని, అందరూ చేసేది అదేనని తేల్చేశాడు. గోడౌను కట్టి నేలంతా మందంగా కాంక్రీటు వేసేటట్లయితే ఆ మాటలో సగం నిజం ఉందని నేనూ ఒప్పుకుంటాను. కానీ అపార్ట్‌మెంటుకు పునాదులు తవ్వుతారు, బోరు వేస్తారు, మొక్కలు పెడతారు, అప్పుడు కప్పినదంతా పైకి వస్తుంది. 2025 జూలైలో కేంద్రం కలుషిత స్థలాల కోసం ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. పాడు చేసినవారే శుద్ధి ఖర్చు భరించాలని అవి చెబుతున్నాయి. బ్యాటరీలాయన ఎక్కడున్నాడో బావగారికి తెలియదు. ఆయిల్ పోసింది మాత్రం బావగారే.

నూనె మట్టిని గాజు సీసాల్లోనూ, మూలలో మట్టిని కవర్లలోనూ నింపాను. ప్లాస్టిక్ నూనెను పీల్చుకుని లెక్క తప్పిస్తుంది. ఒక్కోదానిపై చోటు, లోతు రాసి కాగితం అంటించాను. బావగారు కొనేవారికి ఫోన్ చేసి, పరీక్ష ఫలితాలు వచ్చేదాకా అడ్వాన్సు తీసుకోనని చెప్పి, ఆ తర్వాత చాలాసేపు కిరోసిన్ గుడ్డతో చేతులు తుడుచుకుంటూ కూర్చున్నారు.