మల్లెలతీర్థం, మూడోసారి: నీళ్లు పాలలా వచ్చాయి, రాళ్లే మసక

నిన్న రాత్రి 41 ఫొటోలూ ల్యాప్‌టాప్‌లో పెద్దవి చేసి చూశాను. ఒక్కదాంట్లోనూ నల్లమలలోని ఈ మల్లెలతీర్థం జలపాతం పక్కనున్న రాళ్ల అంచులు తేలలేదు. ఇది మూడోసారి. కళ్లల్లో నీళ్లు తిరిగాయి, ఎందుకంటే ఈసారి నాయన కూడా నాతో వచ్చి, గంటసేపు తుంపర పడకుండా కెమెరాకు గొడుగు పట్టాడు.

నిన్న పొద్దున ఐదుంపావుకు అచ్చంపేటలో బయలుదేరాం. మన్ననూరు చెక్‌పోస్టు ఆరింటికి తెరిచారు. వటవర్లపల్లి దగ్గర శ్రీశైలం రోడ్డు వదిలాక 8 కిలోమీటర్లు అడవి దారి, తర్వాత సుమారు 350 మెట్లు దిగుడు. పులుల అడవి కదా, ప్లాస్టిక్ ఎందుకని జొన్నరొట్టె, పల్లి తొక్కు స్టీలు డబ్బాలోనే పెట్టుకున్నాం. నా క్వెచువా బూట్లు తడి మెట్ల మీద ఎక్కడా జారలేదు. పోలరైజర్ ఫిల్టర్‌తో తడి రాళ్ల మీది మెరుపు పోయింది, ఆకుల పచ్చదనం బాగా వచ్చింది.

ఇక అసలు సమస్య. లోయలో ఇంకా ఎండ పడలేదు. లెన్సు రంధ్రం ఎఫ్/11, ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వం) 100, ఎన్‌డీ ఫిల్టర్ (వెలుతురు తగ్గించే నల్ల గాజు) లేకుండా షట్టర్ 1/15 సెకను: రాయి మీద నాచు కూడా లెక్కపెట్టేటంత స్పష్టం. కానీ నీళ్లు పాలలా రావాలంటే షట్టర్ ఎక్కువసేపు తెరిచుండాలి. ఒక్కో స్టాపుకు వెలుతురు సగమవుతుంది కాబట్టి 6 స్టాపుల ఎన్‌డీ బిగిస్తే 64 రెట్ల సమయం, అంటే దాదాపు 4 సెకన్లు. అక్కడే మసక.

మొదట లెన్సులో చేతి వణుకును సరిచేసే స్టెబిలైజర్ మీద అనుమానం. ఆపాను, తేడా లేదు. తర్వాత ట్రైపాడ్. ఒక కాలు నీళ్లలో ఉంది, ప్రవాహానికి వణుకుతోందేమోనని పొడి బండ మీదికి మార్చి, మధ్య కడ్డీ పూర్తిగా దించి, మెడ పట్టీ విప్పేశాను. అదే మసక. టైమర్ 2 సెకన్ల నుంచి 10కి పెంచినా అంతే. రంధ్రాన్ని ఎఫ్/22కి చిన్నది చేస్తే ఎన్‌డీయే అక్కర్లేదని చాలామంది చెప్తారు. ఆ పద్ధతి నాకు నచ్చదు, అంత చిన్న రంధ్రంతో ఫొటో మొత్తం మెత్తబడుతుంది. చివరికి చవకలో కొన్న ఫిల్టర్ గాజే బాగాలేదని తేల్చుకున్నాను.

దారి చూపింది నాయనే. రాత్రి పక్కన కూర్చుని, "ఈ ముందలున్న గుండు మంచిగనే పడ్డది గద బిడ్డా" అన్నాడు. నిజమే! మాకు గజంన్నర దూరంలో ఉన్న గుండు స్పష్టంగా ఉంది, ఎనిమిది మీటర్ల అవతలున్న రాళ్లే మసక. కెమెరా కదిలితే అన్నీ చెదరాలి, గాజు చెడ్డదైతే అన్నీ మెత్తబడాలి. అంటే ఫోకస్ దగ్గరికి జరిగింది.

నేను ముందు ఫోకస్ చేసి, మాన్యువల్‌కి మార్చి, ఆ తర్వాత ఫిల్టర్ బిగిస్తున్నాను. నా పాత 18-55 లెన్సులో ముందు భాగమే ఫోకస్ రింగు. ఫిల్టర్ తిప్పితే దాంతోపాటు అదీ తిరుగుతుంది. ఈ పొద్దున మిద్దె మీద, ఎనిమిది మీటర్ల దూరంలోని ఇటుక గోడ మీద పరీక్షించాను. రింగు మీద మార్కర్‌తో గీత పెడితే, బిగించేసరికి 3 మిల్లీమీటర్లు జరిగింది. ముందు ఫోకస్, తర్వాత ఫిల్టర్: పదిలో ఎనిమిది మసక. ముందు ఫిల్టర్, తర్వాత లైవ్ వ్యూలో (కెమెరా వెనక తెర మీద) 10 రెట్లు పెంచి ఫోకస్: తొమ్మిది స్పష్టం. ఆ పదోది ఎందుకు పోయిందో ఇంకా అంతుపట్టలేదు. షట్టర్ బటన్ నొక్కినప్పుడు వేలు రింగుకు తగిలిందేమో.

6 స్టాపులదాకా లైవ్ వ్యూలో కనిపిస్తుంది కాబట్టి సరిపోయింది. 10 స్టాపులదైతే ఈ ఉపాయం పనిచేయదు. అందుకే ఫిల్టర్‌ను అయస్కాంతంతో పట్టుకునే రింగు ఆర్డర్ పెట్టాను. దాన్ని ఒకసారి బిగించి ఫోకస్ చేస్తే, ఆ తర్వాత ఫిల్టర్‌ను తిప్పే పనే లేదు, ఊరికే అంటించడమే.

డిసెంబర్ మొదటివారంలో మళ్లీ వెళ్తాం. నీళ్లు తగ్గి పాయలు పాయలుగా పడతాయి, నాకు నిండు ధార కంటే అదే ఇష్టం. ఎక్కేటప్పుడు నాయన మోకాళ్ల కోసం ప్రతి నలభై మెట్లకూ ఆగాం, ఈసారి ముప్పైకే ఆగాలి. ఇంకా పెద్ద గొడుగు కావాలి. నిన్న కెమెరా తడవలేదుగానీ నాయన భుజం మొత్తం తడిసింది.