పన్నెండో నంబరు దారి చివర ఒంటిగది బడి

నల్లబల్ల మీద రంగు సుద్దలతో నదీలోయల పటాలు గీసి, ‘అగాధదరి’ (కాన్యన్) అన్న మాటను మా చేత పదేపదే పలికించిన మా సాంఘికశాస్త్రం మాస్టారు, తాను మాత్రం ఏ అగాధదరినీ కళ్లారా చూడలేదని నవ్వుతూ ఒప్పుకునేవారు. 1994లో పదో తరగతి దాటిన మా జట్టులో నలుగురం గత అక్టోబరు మొదటి వారంలో అమెరికాలోని యూటా రాష్ట్రంలో కలుసుకుని, బ్రైస్ కాన్యన్ నుంచి కాపిటల్ రీఫ్ దాకా ఒక పగలంతా ప్రయాణించినప్పుడు ఆయనను ఎన్నిసార్లు తలచుకున్నామో లెక్కలేదు. నలుగురిలో ముగ్గురం ఆ దేశంలో తలొక మూలన ఉద్యోగాలు చేసుకుంటున్నవాళ్లం, నాలుగోవాడు కొడుకును చూడటానికి హైదరాబాదు నుంచి వచ్చినవాడు. వారిలో ఒకడు ఆనాటి మా క్లాసు లీడరు, మరొకడు వెనక బెంచీకి శాశ్వత హక్కుదారు అని చెబితే మా బ్యాచి వాళ్లకు ఎవరెవరో తెలిసిపోతుంది కాబట్టి పేర్లు రాయడం లేదు.

ముందురోజు రాత్రి సామాను దింపుతున్నప్పుడు హైదరాబాదు మిత్రుడు మూత దాకా నింపిన ప్లాస్టిక్ నీళ్ల సీసాను కారు పైకప్పు మీద మరచిపోయాడు. ఎనిమిది వేల అడుగుల ఎత్తున ఉన్న ఆ ప్రాంతంలో అక్టోబరులోనే రాత్రిళ్లు గడ్డకట్టే చలి ఉంటుందని మేము చెబుతూనే ఉన్నా, తెల్లవారుజామున మంకీ టోపీ పెట్టుకుని బయటికి వచ్చేదాకా అతనికి నమ్మకం కుదరలేదు. సీసాలో నీళ్లు రాయిలా గడ్డకట్టి, దాని అడుగు బయటికి పొడుచుకువచ్చి, ఎక్కడ నిలబెట్టినా పక్కకు ఒరిగిపోయేలా తయారైంది. పారేయబోతుంటే వెనక బెంచీ మిత్రుడు అడ్డుపడి తన సంచిలో వేసుకున్నాడు. అది మంచిదే అయింది.

బ్రైస్ పేరులో కాన్యన్ ఉన్నా, నిజానికి అది నది కోసిన లోయ కాదు. ఒక పీఠభూమి తూర్పు అంచు అర్ధచంద్రాకారంలో లోపలికి అరిగిపోగా, ఆ అరుగుదలలో మిగిలిన వేలాది రాతిస్తంభాల గుంపు అది. 1870లలో అక్కడ స్థిరపడిన ఎబెనేజర్ బ్రైస్ అనే వడ్రంగి పేరు దానికి నిలిచిపోయింది, 1928లో అది జాతీయ ఉద్యానవనమైంది. సూర్యుడు పైకి వస్తున్నకొద్దీ గులాబీ, నారింజ, మీగడ రంగులలో ఆ స్తంభాలు ఒక్కొక్క వరుసగా వెలిగాయి. చెడ్డగా ప్రవర్తించిన ప్రాచీన జనులను నక్కను పోలిన కయోటి దేవుడు శిలలుగా మార్చాడని, ఆ శిలలే ఇవి అని అక్కడి పైయూట్ తెగవారి గాథ. వెనక బెంచీ మిత్రుడు ఆ గాథ విని, ‘ఒరేయ్, ఇది మన ప్రార్థన లైనేరా, మాట్లాడినందుకు డ్రిల్లు మాస్టారు నిలబెట్టి మరచిపోయి ఇంటికి వెళ్లిపోయారు’ అన్నాడు. ఆ తర్వాత మా కళ్లకు అవి వరుసల్లో నిలబడ్డ పిల్లల్లాగానే కనిపించాయి.

ఆ స్తంభాలను చెక్కే అంత పెద్ద పనిని అక్కడ చేసేది మా సీసాలో జరిగినదే. ఏడాదిలో దాదాపు సగం రోజులు అక్కడ రాత్రి గడ్డకట్టి పగలు కరుగుతుంది. రాతి పగుళ్లలో చేరిన నీరు గడ్డకట్టినప్పుడు దాని పరిమాణం సుమారు 9 శాతం పెరిగి, పగులును కొంచెం కొంచెంగా వెడల్పు చేస్తుంది. కొంచెం ఆమ్లగుణం ఉన్న వాన నీరు సున్నపురాతిని కరిగించి అంచులను గుండ్రంగా నున్నబరుస్తుంది. శైథిల్యానికీ క్రమక్షయానికీ భేదాలు రాయమన్న నాలుగు మార్కుల ప్రశ్నకు నేను బట్టీ పట్టి పూర్తి మార్కులు తెచ్చుకున్నవాణ్ణే. అయినా రాయి ఉన్నచోటనే పగలడం ఒకటి, పగిలినదాన్ని వాన కొట్టుకుపోవడం మరొకటి అని నాకు తెలిసింది, అడుగు ఉబ్బిన ఆ సీసాను పట్టుకుని ఆ అంచున నిలబడినప్పుడే.

అక్కడి నుంచి తూర్పుకు సాగే పన్నెండో నంబరు రహదారి మొత్తం పొడవు సుమారు 124 మైళ్లు. ఎస్కలాంటే ఊరు దాటాక చెట్టూ చేమా తగ్గి, ఎటు చూసినా తెల్లని, పసుపుపచ్చని నున్నటి రాతి నేల, దాని మధ్య ఇరుకైన చీలికలు. ఆ చీలికల్లో ప్రవహించే ఎస్కలాంటే నదిని 1872లో ఆ ప్రాంతానికి పటాలు గీస్తున్న పావెల్ సర్వే బృందం గుర్తించేదాకా పటాలలో అది లేనే లేదు. మ్యాప్ పాయింటింగులో ఏటా ఏదో ఒక నదిని తప్పు చోట పెట్టే హైదరాబాదు మిత్రుడికి ఈ సంగతి ఎంతో ఊరట కలిగించింది. ఆ నదిని దాటి పైకెక్కాక దారి ఒక సన్నటి రాతి గట్టు మీదుగా పోతుంది. హాగ్‌బ్యాక్ అని పిలిచే ఆ గట్టుకు రెండు వైపులా లోయలే, అడ్డు కంచె లేదు. కారు నడుపుతున్న లీడరు ఒక్క మాట మాట్లాడలేదు, కుడివైపు కిటికీ దగ్గర కూర్చున్న నేను ఎడమవైపు లోయ మరీ భయంకరంగా ఉంటుందని నచ్చజెప్పుకుంటూ కళ్లు మూసుకున్నాను. ఆ గట్టు అవతలి బౌల్డర్ అనే చిన్న ఊరికి 1930లలో కూడా కంచరగాడిదల మీదే టపా వెళ్లేదట.

బౌల్డర్ దాటాక రహదారి 9,600 అడుగుల ఎత్తుకు ఎక్కుతుంది. ఆ కొండ మీదే మాకు శరత్తు పూర్తిగా కనిపించింది. తెల్లటి బోదెల ఆస్పెన్ చెట్లు కొండవాలు పొడవునా పసుపు రంగులో వెలుగుతున్నాయి. కారు ఆపి దిగితే ముందు వినిపించింది చప్పుడు, మాకు పరిచయమైన చప్పుడు. మా బడి ఆవరణలోని రావిచెట్టు కింద డ్రిల్లు పీరియడంతా విన్న గలగల అదే. రాలిన ఆకు ఒకటి తీసి చూశాను. ఆకు గుండ్రంగా, పాత రూపాయి బిళ్ల కంటే కొంచెం పెద్దగా ఉంది, కానీ దాని తొడిమ గుండ్రంగా లేదు. వేళ్ల మధ్య తిప్పితే రిబ్బనులా పక్కలకు నొక్కినట్టు చదునుగా తగిలింది. ఆ చదును వల్లనే, మన చెంపకు తెలియనంత గాలికి కూడా ఆకు వణుకుతుంది. ఆకులో పత్రహరితం తగ్గిపోగానే, అంతకుముందు నుంచీ లోపల దాగి ఉన్న పసుపు వర్ణకాలు బయటపడతాయి. ఒక తోపు పూర్తిగా పండి, దాని పక్క తోపు ఇంకా పచ్చగా ఉండటం చూసి మొదట వింతపడ్డాం. ఈ చెట్లు ఒకే వేరు నుంచి పిలకలుగా లేస్తాయి కాబట్టి, తోపంతా ఒకే ప్రాణిగా ఒకేసారి రంగు మారుతుంది. అక్కడికి కొంత దూరంలో ఫిష్ లేక్ దగ్గర ఉన్న పాండో అనే తోపులో సుమారు 47,000 బోదెలున్నా అవన్నీ ఒకే చెట్టు అని శాస్త్రజ్ఞులు లెక్కగడుతున్నారు.

టోరీ ఊరి దగ్గర పన్నెండో నంబరు దారి ముగిసింది. ఇరవై నాలుగో నంబరు దారి పట్టి కాపిటల్ రీఫ్ చేరేసరికి పొద్దు వాలుతోంది. సుమారు వంద మైళ్ల పొడవున నేల ముడతపడి లేచిన ఆ రాతిగోడల నడుమ, ఫ్రీమాంట్ నది ఒడ్డున, ఫ్రూటా అనే పాత పల్లె తోటలు ఇప్పటికీ కాస్తున్నాయి. తోటలను దాటగానే, నిటారుగా లేచిన ఎర్ర కొండ పాదాన, దుంగలతో కట్టిన ఒక గది కనిపించింది. అది ఆ పల్లె బడి.

1896లో కట్టిన ఆ గదిలో 1941 దాకా పాఠాలు నడిచాయి. ఒకటి నుంచి ఎనిమిది దాకా అన్ని తరగతులకూ అదే గది, అందరికీ ఒక్కరే ఉపాధ్యాయులు. పల్లెలో ఎప్పుడూ పదికి మించి కుటుంబాలు లేవు. మొదట్లో బల్లలు పైన్ చెక్కతో ఇంట్లో చేసుకున్నవే, ఒక్కో బల్లకు ఇద్దరు పిల్లలు. సాయంత్రాలు ఆ బల్లలను పక్కకు జరిపి ఊరి నాట్యాలూ సభలూ అక్కడే జరుపుకునేవారు. ఈ గది కట్టకముందు ఒక ఇంట్లో నడిచిన బడిలో పాఠాలు చెప్పిన నెట్టీ బెహూనిన్ వయసు పన్నెండేళ్లు. మాస్టారు లేనప్పుడు మాట్లాడినవాళ్ల పేర్లు బోర్డు మీద రాసే అధికారం మా లీడరుకు కూడా దాదాపు ఆ వయసులోనే వచ్చింది. ‘పేర్లు రాసేవాడే పాఠం కూడా చెబితే మన గతి ఏమయ్యేదిరా’ అని వెనక బెంచీ మిత్రుడు వాపోయాడు. లీడరు మాత్రం కిటికీ అద్దానికి నుదురు ఆనించి, లోపలి నల్లబల్లనూ ఖాళీ బల్లలనూ చాలాసేపు చూస్తూ నిలబడిపోయాడు.

తలుపుకు తాళం ఉంది. ఆ తలుపు ముందు నలుగురం ఒక ఫొటో దిగాలనుకున్నాం, తీసేవాళ్లు చుట్టుపక్కల ఎవరూ లేరు. ఫోనును ఆనించి నిలబెట్టడానికి మా దగ్గరున్న ఏకైక వస్తువు ఆ ఉబ్బిన సీసాయే. రెండుసార్లు ఫోనుతో సహా బోర్లాపడింది. మూడోసారి దాని అడుగున రెండు గులకరాళ్లు ఎగదోసి, టైమరు నొక్కి లీడరు పరుగెత్తుకు వచ్చేలోపే ఫొటో పడిపోయింది. ముగ్గురం బుద్ధిమంతుల్లా చేతులు కట్టుకుని, క్లాసు లీడరు మాత్రం బెల్లు కొట్టాక గేటు దగ్గర దొరికిపోయినవాడిలా ఒక కాలు గాలిలో ఉంచి నిలిచిన ఆ ఫొటోనే ఈ వ్యాసంతో పాటు పంపుతున్నాను.