మటన్ కూర మధ్యలో షికాగో

పదకొండున్నర దాటింది. అత్తమ్మ బీపీ గోళీ వేసుకుని పడుకుంది. వదినెవాళ్లు పైగదిలో ఉన్నారు. నాకే నిద్ర రావట్లేదు. మధ్యాహ్నం షికాగో నుంచి వచ్చిన అన్నయ్య అన్న మాట గొంతులో చేప ముల్లులా ఉండిపోయింది.

మటన్ బాగా కుదిరింది, అది ముందే చెప్పేస్తున్నా. గోంగూర వేసి వండా, అందరూ రెండోసారి వడ్డించుకున్నారు. సంతోషం ఇంతే.

కరోనా ఊసు ఎవరు ఎత్తారో గుర్తులేదు, మా ఆయనే అయ్యుంటాడు. అన్నయ్య మూలుగ బొక్క పీలుస్తూ, "మా షికాగోల ఎక్కువ పోయింది నల్లోళ్లే. మనోళ్లు జాగర్తగ ఉన్నరు. వాళ్లు మాట వినరు, తిండి గూడ అట్లనే ఉంటది" అన్నాడు. అని, పెరుగు అడిగాడు. నేను పెరుగు వడ్డించా. చేతిలో గరిటె ఉన్నప్పుడు వాదన పెట్టుకోలేం కదా, అదే నా ఏడుపు.

ఆయన చెప్పిన లెక్క నిజమే. 2020 ఏప్రిల్ మొదట్లో ఆ ఊరి జనాభాలో 30 శాతం ఉన్న నల్లవాళ్లు చావుల్లో 70 శాతం దాకా ఉన్నారు. కానీ మాట వినక కాదు. లాక్‌డౌన్‌లో బస్సు నడపాల్సినవాళ్లు, సూపర్ మార్కెట్ కౌంటర్లో కూర్చోవాల్సినవాళ్లు, ముసలివాళ్ల ఆశ్రమాల్లో పక్కలు మార్చాల్సినవాళ్లు వాళ్లలోనే ఎక్కువ. అన్నయ్య అప్పుడు బేస్‌మెంట్లో ల్యాప్‌టాప్ ముందు ఉన్నాడు. వీడియో కాల్‌లో చూశాంగా, వెనకాల ట్రెడ్‌మిల్‌తో సహా. ఆ జాగ్రత్త ఆయన గొప్పా, ఉద్యోగం గొప్పా? అమెరికాలోని ఆదివాసులు, నవాహో తెగవాళ్ల ఇళ్లలో మూడోవంతుకి దగ్గరగా నల్లా నీళ్లే లేవు. వాళ్లకి చేతులు కడుక్కోమని ఎవరు చెప్పాలి?

"మనోళ్లు" అంటే గుర్తొచ్చింది. బ్రిటన్‌లో కరోనాతో ముందు పోయిన పదిమంది డాక్టర్లలో ఒక్కరూ తెల్లవాళ్లు కారు. ఆసియా, ఆఫ్రికా, అరబ్బు దేశాల మూలాలున్నవాళ్లే. డాక్టర్లకంటే ఎక్కువ జాగ్రత్తలు తెలిసినవాళ్లు ఎవరుంటారు?

ఇంత కోపం దేనికంటే, మా నాన్న, బాపు వల్ల. నా పాత రాతలు చదివినవాళ్లకి తెలుసు, 2021 మే నెల మా ఇంట్లో ఎలా గడిచిందో. బాపు అప్పటికి పరకాల దగ్గర ఊళ్లోనే ఉన్నాడు. జ్వరం. ఆర్‌ఎంపీ మాస్కు గదవ కింద పెట్టుకుని వచ్చి, వేలికి ఆక్సీమీటర్ తగిలించి, "తొంబై అయిదు ఉన్నది, బేఫికర్" అని వెళ్లిపోయాడు. నేను హన్మకొండ నుంచి ఫోన్లో అదే నంబరు పట్టుకుని అందరికీ ధైర్యం చెబుతున్నా. మా అమ్మ, అవ్వ ఒక్కతే ఒప్పుకోలేదు. "నంబర్ నాకెందుకు బిడ్డా, మనిషి ఒక్క మాట పూర్తి చేస్తలేడు. చాయ్ తాగనీకె నడుమ ఆగుతుండు" అంది. కారు మాట్లాడి తీసుకొచ్చాం. ఆస్పత్రిలో మణికట్టు దగ్గర నుంచి రక్తం తీసి చూస్తే ఆక్సిజన్ ఆ నంబరు చెప్పినంత లేదు. నిమిషానికి పద్నాలుగు లీటర్ల ఆక్సిజన్ మీద పెట్టారు. బయట మెట్ల మీద అవ్వ పక్కన కూర్చుని నేను ఏం మాట్లాడానో ఏమీ గుర్తులేదు గానీ, ఆమె కొంగుకి కట్టుకున్న మందుల చీటీ మాత్రం గుర్తుంది. బాపు బయటపడ్డాడు.

తర్వాతెప్పుడో చదివా. ఆ ఆక్సీమీటర్ మెషీన్ చర్మంలోంచి వెలుగు పంపి లెక్క కడుతుంది. చర్మం నల్లగా ఉంటే ఉన్నదానికంటే ఎక్కువ చూపించొచ్చు. 2020 డిసెంబరులో మిషిగన్ యూనివర్సిటీ డాక్టర్లు రాశారు: మెషీన్ 92 నుంచి 96 చూపించినప్పుడు అసలు రక్తంలో 88 కంటే తక్కువ ఉండటం నల్లవాళ్లలో దాదాపు 12 శాతం, తెల్లవాళ్లలో 4 శాతం లోపు. రెండు నెలలకి మందులు, వైద్య పరికరాలు చూసే అక్కడి సర్కారు సంస్థ ఎఫ్‌డీఏ కూడా హెచ్చరిక ఇచ్చింది. మా పరకాల దాకా ఆ హెచ్చరిక ఎవరు మోసుకొస్తారు? మిర్చి చేనులో నలభై ఏళ్లు ఎండిన వేలు మా బాపుది.

అయితే ఇక్కడ ఆగాలి. బాపు విషయంలో రంగే కారణమని నేను రాయలేను. చవక మెషీన్ కావచ్చు, చేతులు చల్లగా ఉండొచ్చు. పైగా ఆ వారమే అన్నయ్య డబ్బు పంపి, గాలిలోంచి ఆక్సిజన్ తీసిచ్చే మెషీన్ కాన్సన్‌ట్రేటర్ ఏర్పాటు చేశాడు. అడగకుండానే. అది గుర్తొచ్చేసరికి కోపం సగం దిగింది. ఆయన చెడ్డవాడు కాదు, తన కిటికీలోంచి కనిపించిందే చెబుతాడు.

రాస్తుంటే ఇంకోటి తడుతోంది. నల్లవాళ్లు ఎక్కువ పోయారని అన్నయ్య అనగలిగాడంటే అక్కడ రంగువారీగా లెక్క వేశారు గనక. అదీ ముందు వెయ్యలేదు, జనం గొడవ చేస్తే వేశారు. మన దగ్గర పేరు, వయసు, జిల్లా. ఏ కులంవాళ్లు, ఏ తెగవాళ్లు ఎంతమంది పోయారో చెప్పే సర్కారు లెక్క నాకెక్కడా దొరకలేదు. "మన దగ్గర అట్లాంటిదేం లేదు" అని అన్నయ్య చెయ్యి కడుక్కుంటూ అన్నాడు చూడండి, ఆ మాటకి కాదనడానికి నా దగ్గర కాగితమే లేదు. ఇప్పుడు కోపం ఆయన మీద కాదు, ఎవరి మీదో తెలియట్లేదు.

ఇందాక అక్కకి ఫోన్ చేశా. ఏటూరునాగారం వైపు ఏఎన్ఎం, అంటే ఊళ్లలో తిరిగే సర్కారు నర్సు కదా, ఆమెకి ఈ టైములో ఫోన్ చేస్తే ఎవరో పోయారనుకుంటుంది, తిట్టింది. తిట్టాక చెప్పింది. టీకాకి ముందు స్లాట్ బుక్ చేసుకోమన్నప్పుడు ఆ గూడేల్లో సిగ్నలే లేదట. ఆ బుకింగ్ వెబ్‌సైట్ కోవిన్ మొదట్లో ఇంగ్లీషులోనే. ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన గొత్తికోయ ఆదివాసులని మన దగ్గర ఎస్టీలుగా గుర్తించరు, చాలామందికి ఆధార్ కూడా లేదు.

"మరి వాళ్లని ఎట్ల రాసినవే?" అని అడిగా.

"ఏడ రాస్తం? రిజిస్టర్ల ఆ గడే లేదు. నేను వేరే నోట్‌బుక్కుల రాసుకున్న, నా యాదికి. ఎవ్వలూ అడగలే" అంది.

ఆ నోట్‌బుక్ ఉందా అంటే, అటక మీద వెతకాలట.