గొళ్ళెం చప్పుడు

రాత్రి పూట గేటు గొళ్ళెం చప్పుడైతే చాలు, నాకు గుండె దడ. నలభై దాటినా పోలేదు.

కావలిలో చిన్నప్పుడు, నాయన సైకిల్ స్టాండు వేసే తీరును బట్టే ఆ రాత్రి అమ్మకు దెబ్బలు పడతాయో లేదో తెలిసిపోయేది. తమ్ముడి నోరు చేత్తో మూసి బియ్యం డబ్బా వెనక నక్కేదాన్ని. ఆ తుప్పు వాసన ఇప్పటికీ ముక్కులోనే ఉంది.

మొన్న నెల్లూరులో బీపీ చూపించుకుంటే, డాక్టరమ్మ ఉప్పు సంగతి అడిగాక, 'చిన్నప్పుడు ఇంట్లో ఎలా ఉండేదమ్మా?' అంది. ఇన్నేళ్ళలో ఎవరూ అడగని మాట. ఏడుపు ఆగలేదు. అమెరికాలో ఫెలిట్టి, ఆండా అనే డాక్టర్లు వేలమందిని అడిగి 1998లోనే రాశారట: పసితనంలో ఇలాంటి కష్టాలు ఎన్ని ఎక్కువైతే, పెద్దయ్యాక గుండెజబ్బు, దిగులు లాంటి వాటి ముప్పు అంత ఎక్కువని. ఏళ్ళ తరబడి భయంతో పెరిగితే ఒంట్లో టెన్షన్ హార్మోన్ల లెక్కే తప్పుతుందట. ముప్పంటే రాసిపెట్టి ఉన్నట్టు కాదని కూడా ఆవిడే చెప్పింది.

ఇన్నాళ్ళూ నేను పిరికిదాన్ననుకున్నా. కాదు.

ఇంటికొచ్చి మా ఆయనకు మొదటిసారి అంతా చెప్పా. నిన్న రాత్రి ఆయన వీధిలోంచే 'నేనే వస్తున్నా' అని పిలిచి, ఆ తర్వాతే గొళ్ళెం తీశాడు.