తొమ్మిది వంటిళ్ళు

సోమవారం రాత్రి, పది దాటింది. అమ్మా, పాపా పడుకున్నారు. పిక్కలు లాగేస్తున్నాయి గానీ ఇవాళ్టి సంగతి ఇవాళే రాసుకోవాలనిపించింది.

పొద్దున ఇడ్లీ పిండి పొంగలేదు. అక్టోబరు చివరికొచ్చాం, ఇంగ్లండ్‌లో మేముండే ఈ బ్రైటన్‌లో చలి మొదలైంది. రాత్రి అమ్మ గిన్నెని ఓవెన్‌లో పెట్టి, లోపల లైటు వేసి, పైన తువ్వాలు కప్పి మరీ పడుకుంది. అయినా పిండి పెట్టింది పెట్టినట్టే ఉంది. మా విశాఖలో అయితే తెల్లారేసరికి గిన్నె దాటి గట్టు మీదికి వచ్చేసేది. చివరికి అందులోనే ఉల్లిపాయలు, పచ్చిమిర్చి తరిగి వేసి అట్లు పోసింది. పాప మూడు తింది. దానికి బడి సెలవులు, నేనూ రెండు రోజులు లీవు పెట్టాను. కరివేపాకు కొనుక్కుని, అలా సముద్రం దాకా వెళ్ళొద్దామని బయల్దేరాం. అంతకు మించి అనుకున్నది ఏమీ లేదు.

ఓల్డ్ స్టీన్ దగ్గర బస్సు దిగగానే అమ్మ ఆగిపోయింది. ఎదురుగా రాయల్ పెవిలియన్. ఉల్లిగడ్డల్లాంటి గుమ్మటాలు, పక్కన సన్నటి మీనార్లు.

"ఏటే ఇది, మసీదా, మహలా?"

నేనీ ఊరొచ్చి ఆరేళ్ళు. రోజూ బస్సు కిటికీలోంచి ఆ గుమ్మటాలు చూస్తూనే ఉంటాను, లోపలికి మాత్రం ఒక్కసారే వెళ్ళాను. ఇవాళ అమ్మ కోసం టికెట్లు తీసుకున్నాను.

సముద్రపు నీళ్ళలో మునిగితే రోగాలు పోతాయని 18వ శతాబ్దంలో డాక్టర్లు చెప్పబట్టి, చేపలు పట్టుకునే ఈ చిన్న ఊరు డబ్బున్నవాళ్ళు విహారానికి వచ్చే ఊరైంది. తర్వాత నాలుగో జార్జి రాజైన యువరాజు కూడా అలాగే వచ్చి ఇక్కడ ఇల్లు కట్టుకున్నాడు. దాన్ని 1815 నుంచి 1823 దాకా ఈ రూపానికి తెచ్చింది జాన్ నాష్ అనే ఆర్కిటెక్ట్. బయట మన దేశపు గుమ్మటాలు, లోపల చైనా డ్రాగన్లు. కట్టించుకున్న రాజు మన దేశం మొహం ఎన్నడూ చూడలేదు. 1850లో విక్టోరియా రాణి దగ్గర నుంచి ఊరే దాన్ని కొనేసుకుంది.

డ్రాగన్ పట్టుకున్న షాండిలియర్ కింద పాప నోరు తెరుచుకుని నిలబడింది. అమ్మ దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. అమ్మకి నచ్చింది వంటిల్లు. ఎత్తైన పైకప్పు, తాటిచెట్లలా కనిపించేట్టు రాగి ఆకులు తొడిగిన స్తంభాలు, గోడల నిండా రాగి గిన్నెలు. ఒక్కో గిన్నె దగ్గరా ఆగి, దీంట్లో ఎంతమందికి వండొచ్చో లెక్కేసింది.

"ఇక్కడే ఆపరేషన్లు చేశారమ్మా" అన్నాను. "మన సిపాయిలకి."

అమ్మ నా వైపు తిరిగింది. అక్కణ్ణుంచి మా రోజు వేరే దారి పట్టింది.

1914లో యుద్ధం మొదలవగానే మన సిపాయిల్ని ఓడల్లో ఫ్రాన్స్‌లోని మార్సేకి దింపారు. వేసవి బట్టల్లో వచ్చినవాళ్ళు చలికాలంలో బురద కందకాల్లో నిలబడ్డారు. ఈప్ర, నవ్ షాపెల్ లాంటి చోట్ల గాయపడ్డవాళ్ళని రైళ్ళలో, ఓడల్లో ఇక్కడికి తెచ్చారు. 1914 డిసెంబరు నుంచి 1916 మొదటి దాకా ఈ రాజమహలూ, దాన్ని ఆనుకుని ఉన్న డోమ్, కార్న్ ఎక్స్ఛేంజ్ భవనాలూ కలిపి ఒక ఆసుపత్రి. 700కు పైగా పడకలు. 2,300 మందికి పైగా ఇక్కడ వైద్యం చేయించుకున్నారు. ఊళ్ళో ఒక బడినీ, కొండ మీద దిక్కులేని పేదల్ని ఉంచే వసతినీ కూడా మన సిపాయిల ఆసుపత్రులుగా మార్చారు. ఆ రెండోదానికి కిచెనర్ ఆసుపత్రి అని పేరు పెట్టారు.

లోపల ఒక గదిలో అప్పటి ఫొటోలున్నాయి. బంగారు పూత గోడల మధ్య వరసగా ఇనప మంచాలు, తెల్లటి దుప్పట్లు, తలపాగాలు. అమ్మ కళ్ళజోడు పైకి తోసుకుని ఒక్కో మొహం చూసింది.

"మనవాళ్ళున్నారా?"

మనవాళ్ళంటే తెలుగువాళ్ళని. ఇక్కడికి వచ్చినవాళ్ళలో ఎక్కువమంది పంజాబీలు, పఠాన్లు, గఢ్‌వాలీలు, గూర్ఖాలు. ఆసుపత్రి బోర్డులు రాసింది ఉర్దూ, హిందీ, గురుముఖిలో. ఆ మాటే చెప్పాను. అమ్మ కాసేపు ఊరుకుని, "మరి వీళ్ళకి వంట ఎవరు చేశారు?" అంది.

ఆరేళ్ళలో నాకు రాని ప్రశ్న అది. జవాబు ఆ గదిలోనే ఉంది. బయట తోటలో తొమ్మిది వంటిళ్ళు కట్టారు. ఏ మతం వాళ్ళకి, ఏ కులం వాళ్ళకి తగ్గట్టు వాళ్ళ వంటవాళ్ళు. హలాల్ మాంసం వేరు, ఒక్క వేటుతో కోసే ఝట్కా వేరు. గడ్డి మీద సిక్కులకి గురుద్వారా డేరా, ముస్లింలకి నమాజు చేసుకోవడానికి మరో చోటు. ప్రతి వార్డులో రెండు కుళాయిలు, ఒకటి హిందువులకి, ఒకటి ముస్లింలకి.

"రెండెందుకు? నీళ్ళు ఒకటే కదా?" అంది పాప.

నేను అమ్మ వైపు చూశాను. "మా అమ్మమ్మగారి ఊళ్ళో బావులు కూడా రెండే" అంది అమ్మ, అంతే. ఇక మాట్లాడలేదు. ఆ రెండు బావుల సంగతి నేను చిన్నప్పుడు విన్నాను. ఎవరు ఏ బావి దగ్గరికి రాకూడదో కూడా విన్నాను. ఏడు వేల కిలోమీటర్లు దాటి, కాలు తెగి పడి ఉన్న మనిషి మంచం దాకా ఆ బావి వచ్చిందని ఇవాళే తెలిసింది. తెచ్చుకున్నది మనం, దానికి గొట్టాలు వేసి కుళాయిలు బిగించి పెట్టింది వాళ్ళు. పాపకి ఇదంతా ఎలా చెప్పాలో తెలియక, "ఇంటికెళ్ళాక మాట్లాడుకుందాం" అన్నాను. రాత్రి అన్నం తింటున్నప్పుడు మాట్లాడుకున్నాం. దానికి కోపం వచ్చింది. రావాలి కూడా.

ఆ ఆదరణ అంతా ఉత్త ప్రేమ కాదు. రాజుగారు తన సొంత మహలు మన సిపాయిలకి ఇచ్చేశారన్నట్టు ప్రచారం చేసుకున్నారు, అప్పటికే అది అరవై ఏళ్ళకు పైగా ఊరి ఆస్తి. ఫొటోలు తీసి పోస్టుకార్డులు వేశారు, పెవిలియన్ గురించి గురుముఖిలో, ఉర్దూలో పుస్తకం అచ్చేశారు. మన దేశంలో చూసినవాళ్ళు నమ్మాలి, ఇంకా మనుషులు సైన్యంలో చేరాలి. సిపాయిలు రాసిన ఉత్తరాలు సెన్సార్ చేతుల్లోంచి వెళ్ళాల్సిందే. కిచెనర్ ఆసుపత్రిలో ఉన్నవాళ్ళని ఊళ్ళోకి పోనివ్వకుండా చుట్టూ ముళ్ళతీగ వేశారు. అయినా, జ్వరంలో పడి ఉన్నవాడి ముక్కుకి తన ఇంటి తాలింపు వాసన తగిలి ఉంటుంది కదా. దాన్ని నేను తీసిపారేయలేను.

మీర్ దస్త్ అని ఒక అఫ్రీదీ పఠాన్. 1915 ఏప్రిల్ 26న ఈప్ర దగ్గర గాల్లో విషవాయువు ఉండగానే గాయపడ్డ అధికారుల్ని మోసుకొచ్చాడు. ఆగస్టు 25న ఇదే తోటలో ఐదో జార్జి రాజు స్వయంగా ఆయనకి బ్రిటన్‌లో అన్నిటికన్నా పెద్ద సాహస పతకం విక్టోరియా క్రాస్ ఇచ్చాడు. అప్పుడు మీర్ దస్త్ తనకేదో కావాలని అడగలేదట. ఒకసారి గాయపడి కోలుకున్నవాణ్ణి మళ్ళీ యుద్ధానికి పంపొద్దని రాజుకి విన్నవించుకున్నాడని అప్పటి ఒక ఉత్తరంలో ఉంది. ఇది చెప్తుంటే నా గొంతు పట్టుకుంది. అమ్మ నా చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చింది.

సముద్రం దగ్గర ఎక్కువసేపు కూర్చోలేదు, గాలి ఎక్కువగా ఉంది. ఇసక ఉండదు ఇక్కడ, అన్నీ గులకరాళ్ళే. అమ్మ నా భుజం పట్టుకుని నీళ్ళ దాకా వెళ్ళి, అలవాటు ప్రకారం దోసిట్లో కాసిని నీళ్ళు తీసి నెత్తిన జల్లుకుంది, పాప నెత్తినా జల్లింది. రెండో యుద్ధంలో, 1940 వేసవిలో, ఈ తీరమంతా మూసేశారని చెప్పాను. రాళ్ళ కింద మందుపాతరలు, మీద ముళ్ళతీగ. శత్రువులు పడవలు కట్టుకుని దిగకుండా సముద్రంలోకి వంతెనల్లా కట్టిన రెండు పియర్లనీ మధ్యలో తెగ్గొట్టారు. ఆ సెప్టెంబరులో ఒక శనివారం కెంప్ టౌన్‌లో పిల్లలు సినిమా చూస్తుండగా హాలు మీద బాంబు పడింది.

దానికి అమ్మ తన ఊరు చెప్పింది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ రేవు మీద బాంబులేసినప్పుడు అమ్మమ్మకి పన్నెండేళ్ళు. వండిన అన్నం వండినట్టే వదిలేసి, ఎడ్లబండి కట్టుకుని అనకాపల్లి పోయారట. యూనివర్సిటీని కూడా గుంటూరుకి తరలించేశారు. మళ్ళీ 1971లో, అమ్మ కాలేజీలో ఉన్నప్పుడు, కిటికీలకి నల్లకాగితం అతికించుకుని చీకట్లో కూర్చున్నారు. డిసెంబరు 3 అర్ధరాత్రి ఇంటి తలుపులు దడదడలాడాయి. పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ విశాఖ తీరం దగ్గర మునిగిపోయిందని తర్వాత తెలిసింది. అందులో తొంభై మందికి పైగా ఉన్నారు. "వాళ్ళింకా అక్కడే ఉన్నారు" అంది అమ్మ. ఆర్‌కే బీచ్‌లో మ్యూజియంగా పెట్టిన కురుసుర సబ్‌మెరైన్ చూడ్డానికి ఎన్నిసార్లు వెళ్ళామో. ఘాజీ గురించి అమ్మ ఈ మాట అనడం మాత్రం ఇదే మొదటిసారి విన్నాను.

ఇంటికొచ్చి చారన్నం తిన్నాం. ఒక కునుకు తీద్దామనుకున్నాను. అమ్మ మంచం అంచున కూర్చుని, "ఆసుపత్రిలో పోయినవాళ్ళని ఏం చేశారు?" అని అడిగింది.

మేముండేది పాచమ్. వాళ్ళలో కొందరిని దహనం చేసిన చోటికి దారి మా ఇంటి వెనక నుంచే. హైవే మీది వంతెన దాటి, గొర్రెలు మేసే పచ్చిక కొండల మీదుగా సుద్దమట్టి బాట. అమ్మ మోకాళ్ళ గురించి భయపడ్డాను. "సింహాచలం మెట్లెక్కిన మనిషిని, పద" అంది. చీర మీద నా కోటు, కాళ్ళకి పాప బడి సాక్సులు, నా స్పోర్ట్స్ షూ. ముప్పావుగంట పట్టింది. మూడుసార్లు కూర్చుంది.

ఛత్రి అని పిలిచే ఆ స్మారక మండపం కొండ వాలులో ఒంటరిగా ఉంటుంది. ఎనిమిది స్తంభాలు, తెల్లటి పాలరాతి గుమ్మటం, ముందు మూడు రాతి పలకలు. బ్రైటన్ ఆసుపత్రుల్లో పోయిన 53 మంది హిందువుల్ని, సిక్కుల్ని ఇక్కడ దహనం చేశారు. చితి పేర్చిన అరుగుల మీదే ఆ పలకలు పరిచారు. ముస్లింలని వోకింగ్‌కి తీసుకెళ్ళి, అక్కడి షాజహాన్ మసీదుకి దగ్గర్లో ఖననం చేశారు. ఛత్రికి నమూనా గీసింది ఇ. సి. హెన్రిక్స్ అనే బొంబాయి ఆర్కిటెక్ట్. 1921 ఫిబ్రవరి 1న అప్పటి యువరాజు వచ్చి దాన్ని ఆవిష్కరించాడు. చనిపోయినవాళ్ళు ఇక్కడ "అగ్నిలోంచి దాటి వెళ్ళారు" అని రాతి మీద రాశారు. ఎవరు రాశారో గానీ, మన చితిని అర్థం చేసుకుని రాశారు. అదే ఛత్రిని రెండో యుద్ధంలో ఈ కొండల మీద తుపాకులు నేర్చుకుంటున్న సైనికులు గురిగా పెట్టుకుని కాల్చారు. ఆ గుంటల్ని తర్వాత పూడ్చారు.

పక్కనే 2010లో పెట్టిన రాయి మీద ఆ 53 పేర్లున్నాయి.

"చదువు" అంది అమ్మ.

"అన్నీనా?"

"అన్నీ. పైకి."

చదివాను. సింగ్ అని ఎన్నిసార్లు వచ్చిందో. కొన్ని పేర్లు ఎలా పలకాలో తెలియలేదు, నోటికొచ్చినట్టు పలకకుండా నెమ్మదిగా కూడబలుక్కుని చదివాను. పాప వేలితో వరస చూపిస్తూ నిలబడింది. అయ్యాక అమ్మ అడిగింది, అస్థికలు ఎక్కడ కలిపారని.

అక్కణ్ణుంచి చూస్తే కింద ఊరు, ఊరి చివర బూడిదరంగు గీతలా సముద్రం. అటు చూపించాను.

"పొద్దున మనం వెళ్ళిందేనా?"

"అదే."

అమ్మ తల తడుముకుంది. కొంగు తీసి నెత్తి మీద కప్పుకుని, ఆ పలకల వైపు తిరిగి దణ్ణం పెట్టుకుంది.

ఎండ దిగిపోతోంది. తిరిగి వస్తుంటే, ప్రతి జూన్‌లో ఒక ఆదివారం ఇక్కడ వీళ్ళని తలుచుకుంటూ సభ జరుగుతుందని చెప్పాను. వంతెన దగ్గరికొచ్చేదాకా అమ్మ ఏమీ అనలేదు.

"జూన్ దాకా నా వీసా ఉంటుందా?"

"లేదమ్మా, మార్చిలో అయిపోతుంది."

"అయితే నువ్వెళ్ళు. దద్దోజనం కలిపి పట్టుకెళ్ళు. వచ్చినవాళ్ళందరికీ ఒకే గిన్నెలోంచి పెట్టు."

కరివేపాకు కొనడం మర్చిపోయాం.