సివిల్స్ జాగ్రఫీ ఆప్షనల్ కేస్ స్టడీ: బోస్టన్ బరోను ఎలా చదవాలి

చాప్టర్‌కో దేశం చొప్పున ఉదాహరణలు బట్టీపట్టే బదులు ఒక చిన్న ప్రాంతాన్ని నేల దగ్గర్నుంచి జనాభా లెక్కల దాకా చదివిపెట్టుకోండి. భూస్వరూపాలు, వ్యవసాయం, వలస, సెటిల్‌మెంట్, ఏ ప్రశ్న వచ్చినా అందులోంచి రెండు ముక్కలు దొరుకుతాయి. ఇంగ్లండ్‌లో అందుకు మా ఓటు లింకన్‌షైర్‌లోని బోస్టన్ బరోకే. అమెరికా బోస్టన్‌కు ఆ పేరు ఇక్కణ్నుంచే వెళ్లింది, 1630లో.

ముందు పాలన సంగతి. బోస్టన్ బరో పాలనాపరంగా ఒక డిస్ట్రిక్ట్. డిస్ట్రిక్ట్ అనగానే కలెక్టరు ఉండే మన జిల్లాను ఊహించుకుంటే జవాబు మొదటి వాక్యంలోనే తప్పుతుంది. ఇది ఎన్నికైన కౌన్సిల్ ఉన్న కింది అంచె. చెత్త సేకరణ, ఇళ్లు, స్థానిక ప్లానింగ్ అనుమతులు దీనివి; బడులు, రోడ్లు, సామాజిక సంరక్షణ పై అంచెలోని కౌంటీ కౌన్సిల్‌వి. 1972 స్థానిక పాలన చట్టం ప్రకారం 1974 ఏప్రిల్ 1న పాత బోస్టన్ పట్టణాన్నీ చుట్టూ ఉన్న రూరల్ డిస్ట్రిక్ట్‌నూ కలిపి ఏర్పాటు చేశారు. విస్తీర్ణం సుమారు 365 చదరపు కిలోమీటర్లు. ‘పార్ట్స్ ఆఫ్ హాలండ్’ అన్న మాట కనబడితే నెదర్లాండ్స్ అనుకోవద్దు, అది లింకన్‌షైర్‌లో పాత విభాగం.

ఎక్కువ సమయం పెట్టాల్సింది నేల మీద. ఇంగ్లండ్ తూర్పు తీరంలో చతురస్రంగా కొరికినట్టుండే వాష్ అఖాతం గీయండి. లింకన్ వైపు నుంచి ఆగ్నేయంగా వచ్చే విథమ్ నది గీసి, అది అఖాతంలో కలిసేలోపు బోస్టన్ చుక్క పెట్టండి. పట్టణం కింది భాగాన నది పేరు హేవెన్. తీరం వెంబడి ఒక పట్టీ గీసి ‘సిల్ట్’ (సన్నటి ఒండ్రు) అనీ, దాని వెనక లోపలి భాగాన్ని ‘ఫెన్’ (ఒకప్పటి చిత్తడి నేల) అనీ రాయండి. రెండు నిమిషాల పని.

ఇక్కడ చాలామంది బోల్తాపడతారు. సముద్రం పక్కనున్న నేల పల్లం, లోపలికి పోయేకొద్దీ మెరక అని రాసేస్తారు. ఉన్నది తలకిందులు. ఆటుపోట్లు తెచ్చిన ఒండ్రు పేరుకుని తీరపు పట్టీ కాస్త ఎత్తుగా ఉంటుంది. లోపలి ఫెన్‌లో పీట్ (సగం కుళ్లిన మొక్కలతో ఏర్పడిన నేల) ఉన్నచోట, నీళ్లు తోడేసేసరికి అది ఎండి, గాలి తగిలి కుళ్లి, కుంగిపోయింది. కుంగినకొద్దీ ఇంకా లోతునుంచి తోడాలి, తోడినకొద్దీ ఇంకా కుంగుతుంది. రాంగిల్, లెవర్టన్, బెనింగ్టన్, ఫ్రాంప్టన్, కిర్టన్ లాంటి పాత ఊళ్లన్నీ సిల్ట్ పట్టీ మీదే వరసగా ఎందుకున్నాయో మ్యాపే చెబుతుంది. లీనియర్ సెటిల్‌మెంట్‌కు, అంటే గీత గీసినట్టు వరసగా ఉండే ఊళ్లకు, ఉదాహరణ వెతుక్కోనక్కర్లేదు.

దీన్ని గోదావరి డెల్టాతో పోల్చాలనిపిస్తే జాగ్రత్త. అక్కడ 19వ శతాబ్దంలో ఆనకట్ట కట్టింది పొలానికి నీళ్లు తేవడానికి. ఇక్కడ తవ్వినవి ప్రధానంగా మురుగు కాలువలు, నీళ్లు బయటికి పంపడానికి. ఇంకో పొరపాటు, డ్రైనేజీ అంతా 17వ శతాబ్దపు డచ్ ఇంజనీరు వెర్ముయ్డెన్ ఖాతాలో వేయడం. ఫెన్ ప్రాంతంలో ఆయన ప్రధానంగా పనిచేసింది దక్షిణాన కేంబ్రిడ్జ్ వైపు గ్రేట్ లెవెల్ అనే ఫెన్ భాగంలో. బోస్టన్ దగ్గర రాయాల్సినవి 1766 నాటి గ్రాండ్ స్లూయిస్ (నది మీది తలుపుల కట్టడం), 1800ల ఆరంభంలో ఇంజనీరు జాన్ రెన్నీ పథకంలో తవ్విన హాబ్‌హోల్ డ్రెయిన్. స్లూయిస్ పోటు నీటిని ఎగువకు పోనీయకుండా ఆపింది, కానీ పోటు వెనక్కి పోతూ అడుగును ఊడ్చుకెళ్లే పని కూడా ఆగడంతో దిగువన బురద పేరుకుంది. ‘మానవ జోక్యం’ ప్రశ్నకు ఇంతకన్నా మంచి పాయింటు లేదు.

చరిత్ర నాలుగు లైన్లు చాలు. 13వ శతాబ్దంలో ఉన్ని ఎగుమతికి పెద్ద రేవు, హాన్సా (ఉత్తర జర్మనీ నగరాల వర్తక కూటమి) వర్తకుల స్థావరం. 1309లో మొదలైన సెయింట్ బొటోల్ఫ్ చర్చి గోపురం 80 మీటర్లకు పైనే. ఉన్ని వ్యాపారం తగ్గి, హేవెన్ పూడుకుపోవడంతో రేవు చిక్కిపోయింది. 1633లో మసాచుసెట్స్ వెళ్లిన పాస్టర్ జాన్ కాటన్ ఈ చర్చివాడే. మన కాటన్ దొర వేరు, కంగారుపడి కలిపేయకండి.

జనాభా అంకెలు మూడే గుర్తుంచుకోండి: 2001లో సుమారు 55,800, 2011లో 64,600, 2021లో 70,500. చివరి దశాబ్దపు వృద్ధి 9 శాతం పైచిలుకు, ఇంగ్లండ్ మొత్తానికి 6.6. అంకె రాసి ఆగిపోతే మార్కులు రావు, కారణం కలపాలి. సిల్ట్ నేలలో క్యాబేజీ, కాలీఫ్లవర్, బంగాళాదుంప. కోతకూ ప్యాకింగ్‌కూ చేతులు కావాలి. 2004 మే 1న పోలండ్, లిథువేనియా, లాత్వియా యూరోపియన్ యూనియన్‌లో చేరినప్పుడు పాత సభ్యదేశాల్లో బ్రిటన్, ఐర్లాండ్, స్వీడన్ మాత్రమే వెంటనే కార్మికులకు తలుపు తీశాయి. వలసను ఆకర్షణ, వికర్షణ, మధ్యలోని అడ్డంకులతో వివరించే లీ మోడల్‌లోని అడ్డంకి తొలగడం అంటే ఇదే. యూరోపియన్ యూనియన్‌లో ఉండాలా వద్దా అన్న 2016 రెఫరెండంలో బోస్టన్ 75.6 శాతంతో దేశంలోనే ఎక్కువగా ‘లీవ్’ (బయటికి పోదాం)కు ఓటేసింది. వలసవాళ్లు అందరికన్నా ఎక్కువ కాబట్టి అని రాస్తే తప్పు. అంతకన్నా ఎక్కువున్న లండన్ బరోలు చాలావరకు ‘రిమెయిన్’ (ఉందాం) అన్నాయి. మార్పు వచ్చిన వేగాన్నీ, తక్కువ వేతనాల పల్లె ఆర్థిక వ్యవస్థనూ ప్రస్తావించండి.

వరద ప్రశ్న వస్తే 1953 జనవరి 31, 2013 డిసెంబరు 5 ఉప్పెనలు రాసి, హేవెన్ మీద వరద నీటిని ఆపడానికి కట్టిన బోస్టన్ బారియర్‌తో ముగించండి. ఉత్తర సముద్రం దక్షిణానికి ఇరుకవడం వల్ల నీటిమట్టం లేస్తుందన్న కారణం మరవొద్దు.

10 మార్కులకు 150 పదాలే. స్కెచ్‌ను లెక్కలో వేయకుండా నేలకు 50, వలసకు 60, మిగిలినవి చరిత్రకు. పదాలు మించితే ముందు చర్చి గోపురం ఎత్తు కొట్టేయండి.